వెనక బండి ఖాళీగా వస్తోంది

మెరకపాలెం వెళ్ళాల్సిన ఎర్ర బస్సు ఏడో నెంబరు ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి ఉండగానే దేశమైపోయింది. అయిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు దాని గురించి ఎవరూ ఆశ్చర్యపోరు. యాభై రెండు సీట్ల బస్సులో నాలుగు వేల పైచిలుకు జనాభా ఎలా పడుతుందని పిల్లలు మాత్రం అప్పుడప్పుడూ అడుగుతుంటారు. సర్దుకుని కూర్చుంటే పడుతుందని బళ్ళో చెబుతారు. ముందు సీట్లన్నీ ఒక రాష్ట్రం, వెనక సీట్లన్నీ ఇంకో రాష్ట్రం, టాపు కేంద్రపాలిత ప్రాంతం. 'స్త్రీలకు' అని రాసి ఉన్న సీట్లలో మగవాళ్ళు కూర్చుంటారు, లేవమంటే నిద్ర నటిస్తారు. అలా కూర్చోమని రాజ్యాంగంలో ఎక్కడా లేదు గానీ రాజ్యాంగంలో ఉన్నవాటి కంటే గట్టిగా అమలవుతున్నది అదొక్కటే.

అన్నిటికీ మూలం నీళ్ళు. ఏటిగట్టు తెగిందని, నీళ్ళు ఊరి మీదికి వస్తున్నాయని కబురందిన రోజున జనమంతా బస్టాండు మీద పడ్డారు. మెరకపాలెం పేరుకు తగ్గట్టు మెరక మీద ఉన్న ఊరు. అక్కడికి పోతే బతికి బయటపడతారు. ఉన్నదేమో ఒక్కటే బస్సు. కండక్టరు వామనరావు గారు నిండినంతవరకూ ఎక్కించుకుని, తలుపు వేయించి, రైట్ రైట్ అని రెండుసార్లు విజిల్ ఊదారు. బస్సు కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే డ్రైవరు చిట్టబ్బాయి టీ తాగడానికి దిగాడు. అతను తిరిగొచ్చేసరికి అతని సీట్లో ఒక సంసారం మూటాముల్లెతో సహా సర్దుకుని కూర్చుని ఉంది.

"ఖాళీ లేదు బాబూ. వెనక బండి ఖాళీగా వస్తోంది, అందులో రా" అన్నారు వాళ్ళు, పాపం మర్యాదగానే.

"నేను డ్రైవర్నండీ" అన్నాడు చిట్టబ్బాయి.

"ఎవరైతేనేం, ఖాళీ ఉండాలి కదా."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. అప్పట్నించీ చిట్టబ్బాయి చేతిలో తాళంతో బయట నీళ్ళలోనే ఉన్నాడు. బస్సు ప్లాట్‌ఫారం దగ్గరే ఉంది. వామనరావు గారు చాలాసేపు చూసి, ఇక బస్సు కదిలేది కాదు కాబట్టి ఇది దేశమని ప్రకటించి, తానే అధ్యక్షులయ్యారు. వెనక బండి ఖాళీగా వస్తోందన్న మాట విదేశాంగ విధానమైంది.

దేశమన్నాక పౌరులెవరో తేలాలి. అది తేల్చడం కష్టం కాలేదు. మనవాళ్ళకి పూర్వం నుంచీ ఉన్న పద్ధతే ఉంది. బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తూ ఉండగానే పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫు విసిరితే ఆ సీటు మనదే. తర్వాత బ్రహ్మదేవుడు వచ్చి కూర్చున్నా లేపి కూర్చునే హక్కు ఉంటుంది. దాన్నే చట్టం చేసి, కర్చీఫు అంటే బాగుండదని రుమాలు అని రాశారు. ఎవరి కింద రుమాలు ఉంటే వాళ్ళు పౌరులు. అది ఎవరి రుమాలు, ఎవరు విసిరారు అన్నది మాత్రం అందులో రాయలేదు. అప్పట్లో ఆ అవసరం ఎవరికీ కనిపించలేదు.

నూకరాజు కింద ఉన్నది అక్క తలుపులమ్మ కర్చీఫు. తెల్లటి గుడ్డ, మూలన ఆకుపచ్చ దారంతో ఆవిడ కుట్టిన చిలక. ఆ రోజు ఆవిడే బస్సు పక్కన పరిగెత్తి కిటికీలోంచి దాన్ని విసిరింది. తమ్ముణ్ణి నడుం పట్టుకుని ఎత్తి అదే కిటికీలోంచి లోపలికి తోసింది. "నువ్వు కూచోరా, నేను డోరుకాడ్నించి వచ్చేత్తాను" అంది. ఆవిడ బస్సు చుట్టూ తిరిగి వచ్చేసరికి తలుపు మూతపడిపోయింది. నూకరాజు ఆ సీట్లోనే పెద్దవాడయ్యాడు, మీసాలొచ్చాయి, ఉద్యోగం వచ్చింది. అక్క ఆ కిటికీ బయటే ఉండిపోయింది.

నూకరాజు ఉద్యోగం కిటికీల శాఖలో. ఆశ్రయం కోరుతూ బయటివాళ్ళు పెట్టుకున్న అర్జీలను విచారించడం అతని పని. నిబంధనలు అతనికి కంఠతా వచ్చు. మోకాలి దాకా నీళ్ళలో ఉన్నవాళ్ళు కేవలం సుఖంగా బతకడానికి వస్తున్నవాళ్ళ కిందికి వస్తారు, వాళ్ళకి ప్రవేశం లేదు. నడుం దాకా వస్తే అర్జీ పెట్టుకోవచ్చు. మెడ దాకా వస్తే ప్రాణాపాయం ఉన్నట్టు లెక్క. కాకపోతే అర్జీ కాగితం తడిసి ఉండకూడదు, తడిసిన కాగితాన్ని శాఖ ముట్టుకోదు. నీళ్ళు ముక్కు దాటినవాళ్ళు స్వయంగా కిటికీ దగ్గరికి వచ్చి, నోరు తెరిచి వాంగ్మూలం ఇవ్వాలి. ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఆ శీర్షిక కింద అర్జీలు ఒక్కటీ రాలేదు కాబట్టి బయట పరిస్థితి మెరుగుపడుతోందని ఏటా నివేదికలో రాస్తారు.

అయితే లోపలివాళ్ళు ఏం తిని బతకాలి? బస్సులో పంటలు పండవు కదా. సమోసాలు, జామకాయలు, మజ్జిగ ప్యాకెట్లు, మల్లెపూలు, పసిపిల్లల మందులు, అన్నీ బయటివాళ్ళే కిటికీల్లోంచి అందించాలి. అందుకని వ్యాపారం నిమిత్తం బయటివాళ్ళ చెయ్యి దేశంలోకి రావచ్చని ఒక ఒప్పందం ఉంది. చెయ్యి మోచేతి దాకా రావచ్చు. మోచెయ్యి కిటికీ అంచు దాటితే మాత్రం అది చొరబాటు. సరిహద్దు ఎక్కడో అందరికీ తెలుసు, ఎవరి సరిహద్దు వాళ్ళ చేతికే ఉంది.

తలుపులమ్మ ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతుంది. నెత్తిమీద బుట్ట, బుట్టలోనే కుంపటి. రోజూ పొద్దునా సాయంత్రమూ ఆకుపచ్చ గాజుల చెయ్యి కిటికీలోంచి మోచేతి దాకా లోపలికొచ్చి నూకరాజు ఒళ్ళో పొట్లం పెడుతుంది.

"తిన్నావేంట్రా?"

"తింటున్నానక్కా. నీళ్ళెక్కడిదాకా ఉన్నాయి?"

"ఆ, ఉన్నాయిలే. నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా ఏం లేదు."

నిన్నటికీ ఇవాళ్టికీ ఎప్పుడూ తేడా లేదు. మొదట్లో ఆ నీళ్ళు ఆవిడ చీలమండల దాకా ఉండేవి, ఇప్పుడు భుజాల దాకా వచ్చాయి. ఆవిడ అర్జీ కొన్నేళ్ళుగా నూకరాజు శాఖలోనే ఉంది. సొంత అక్క అర్జీ తాను విచారించడం పద్ధతి కాదని అతను పక్కన పెట్టాడు. ఆ శాఖలో అతను తప్ప ఇంకో అధికారి లేడు కాబట్టి అది పక్కనే ఉండిపోయింది. అతనికి అక్క మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆవిడ శనక్కాయలు తప్ప ఇంకొకరి శనక్కాయలు ముట్టుకునేవాడు కాదు.

ఇలా ఉండగా రుమాళ్ళ చట్టం మరీ వదులుగా ఉందని, బిగించాలని గొడవ మొదలైంది. మొదలుపెట్టింది సోంబాబు. అతను అందరికంటే ఆఖర్న వచ్చినవాడు. పోయినేడాది వెనక కిటికీలోంచి కాళ్ళు ముందు పెట్టి దూరాడు. సగం లోపల, సగం బయట ఇరుక్కుని, "అయ్యా, తల్లీ, కాస్త జరగండమ్మా, మీ కాళ్ళు మొక్కుతాను" అని ఏడిస్తే ఎవరో జాలిపడి లాగారు. లాగినవాళ్ళ కర్చీఫే ఒకటి అతని కింద వేశారు. ఊపిరి తిప్పుకోగానే అతను అన్న మొట్టమొదటి మాట, "ఆ కిటికీ మూసెయ్యండి, ఎవడు పడితే వాడు దూరేస్తున్నాడు." ఇందులో సోంబాబును ప్రత్యేకంగా తిట్టాల్సిన పనేమీ లేదు. ఎక్కేదాకా జరగండి బాబూ అనడం, ఎక్కాక ఖాళీ ఎక్కడుందమ్మా అనడం బస్సు పుట్టిన దగ్గర్నించీ అందరూ చేస్తున్నదే. నూకరాజు చిరాకంతా ఎక్కడంటే, అతను వచ్చి ఏడాది కాకుండానే మన పూర్వీకులు చెమటోడ్చి కట్టిన బస్సు అంటూ ఉపన్యాసాలు ఇస్తున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు.

బిల్లు మీద చర్చ వామనరావు గారి సమక్షంలో ఇంజను పక్కన జరిగింది. ఇక మీదట రుమాలు ఎవరిదో వాళ్ళే ఆ సీటుకు హక్కుదారులు, ఇతరుల రుమాలు మీద కూర్చున్నవాళ్ళని దించేయాలి అన్నది బిల్లు సారాంశం. బయటివాళ్ళు తమ చుట్టాల చేత రుమాళ్ళు వేయించి లోపలికి చేరాలని చూస్తున్నారని, ఈ దెబ్బతో వాళ్ళ ఆట కట్టవుతుందని సోంబాబు వాదన.

"ఎవడి కర్చీఫు మీద వాడు కూచోవాలి. అంతేనండి! ఇందులో తప్పేంటి చెప్పండి! మన కర్చీఫు మనకుండదా?" అని అతను తొడ చరిచాడు. తొడ చరిచినప్పుడు పక్కవాడి తొడ కూడా కలిసి మోగింది, అంత ఇరుకు.

ప్రతిపక్షం నాయకురాలు కనకవల్లి గారు లేచి కళ్ళు ఒత్తుకున్నారు. బయటివాళ్ళూ మనలాంటి మనుషులేనని, వాళ్ళ బాధ చూస్తుంటే తనకు అన్నం సయించడం లేదని, కాబట్టి బిల్లును సమర్థిస్తూనే ఒక్కొక్కరికీ ఒక గొడుగు ఇవ్వాలని సవరణ ప్రతిపాదించారు. నీళ్ళు కిందినించి కదండీ వస్తున్నాయి అని ఎవరో అన్నారు. ఆ విషయం గొడుగుల ఉపసంఘం చూసుకుంటుందని ఆవిడ చెప్పారు.

నూకరాజు శాఖ తరఫున హాజరయ్యాడు. అతనికి మాట్లాడే అలవాటు లేదు. అయినా ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్క మాటండి. బయటున్నవాళ్ళలో మన డ్రైవరు చిట్టబ్బాయి కూడా ఉన్నాడండి. బండి తాళం ఆయన దగ్గరే ఉందండి. ఆయన్ని ఒక్కణ్ణి రానిస్తే బండి కదులుద్ది కదండీ! అందరం మెరకపాలెం పోదుం కదండీ! ఇక అప్పుడీ బిల్లులూ, ఈ గోలా ఏమీ అక్కర్లేదు కదండీ!"

కొందరు పిల్లలు మెరకపాలెం అంటే ఏమిటని తల్లుల్ని అడిగారు. తల్లులు నోరు మూసుకోమన్నారు.

"ఆయనకి రుమాలుందా?" అని వామనరావు గారు అడిగారు.

"ఆయన డ్రైవరండి, కర్చీఫు ఎందుకేసుకుంటాడండి!"

"లేదన్నమాట."

సోంబాబు అందుకున్నాడు. "ఇవాళ డ్రైవరంటారు. రేపు క్లీనరంటారు. ఎల్లుండి వాళ్ళావిడంటారు, ఆవిడ పుట్టింటోళ్ళంటారు. ఈ తలుపు ఒకసారి తెరిస్తే మళ్ళీ మూతపడుద్దా? మనల్ని దించేసి బండి తోలుకుపోతే ఎవరిది పూచీ?"

గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయమనిపించి నూకరాజు ఇంకో దారి పట్టాడు. పోనీ, తోబుట్టువులకైనా ఒక వెసులుబాటు పెట్టమన్నాడు. రుమాలు అక్కది, కూర్చున్నది తమ్ముడు అయితే ఇద్దర్నీ ఉండనివ్వాలి అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. అప్పటిదాకా ఎవరికీ తట్టని సంగతి అతని నోటివెంటే వచ్చింది. వామనరావు గారు కళ్ళజోడు పైనుంచి అతన్ని కాసేపు చూశారు. చట్టంలో ఇద్దరు లేరయ్యా, సీటు ఒకటి, రుమాలు ఒకటి, మనిషి ఒకడు అని చెప్పి, రైట్ రైట్ అన్నారు. బిల్లు పాసయింది.

ఆ మధ్యాహ్నం నూకరాజు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు గానీ కుదురుగా కూర్చోలేకపోయాడు. కింద ఉన్న గుడ్డ నిప్పులా కాలుతోంది. కొత్త చట్టం ప్రకారం ఈ సీటు ఎవరిదో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? అక్క లోపలికి రావాలి. తాను దిగాలి. ఇన్నేళ్ళూ అక్కను ఎలా లోపలికి తేవాలా అని తల బద్దలు కొట్టుకున్నవాడికి, చట్టమే దారి చూపిస్తే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. సాయంత్రం ఆకుపచ్చ గాజుల చెయ్యి పొట్లంతో వచ్చినప్పుడు అతను దాచుకోలేకపోయాడు.

"అక్కా, కొత్త చట్టమొచ్చింది. కర్చీఫు ఎవరిదైతే సీటు వాళ్ళదంట. రేపట్నించి తనికీ అంట."

"మంచిదేగా."

"మంచిదేంటక్కా! ఇది నీ కర్చీఫు. నువ్వు నీదని అడిగితే నిన్ను లోపలికి తీసుకుంటారు. నన్ను దించేస్తారు."

ఆవిడ భుజాలు తడుపుతూ నీళ్ళు ఊగుతున్నాయి. నూకరాజు ఆవిడ ముఖం వైపు చూడకుండా శనక్కాయ ఒలుస్తున్నాడు. ఆవిడ అడగకూడదని అతను కోరుకున్నాడు. అలా కోరుకుంటున్నందుకు తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే మళ్ళీ కోరుకున్నాడు.

"నీకు ఈత రాదు కదరా" అంది తలుపులమ్మ.

"నీకొచ్చా?"

"నాకూ రాదులే." చెయ్యి చాచి, "ఆ గుడ్డ ఇలా చూపించు, చిలక ముక్కు ఊడిపోయిందేమో. రేపు తనికీకి వస్తారంటగా, పాతగుడ్డలా ఉంటే ఏం బాగుంటది" అంది.

తనికీ మర్నాడు మొదలైంది. వామనరావు గారు టికెట్లకి చిల్లు కొట్టే పాత పంచింగు మిషను తీసుకుని సీటు సీటుకీ వచ్చారు. రుమాలు ఎవరిదో రుజువు చేసుకుంటే దాని మూలన టికెట్టుకి కొట్టినట్టు చిల్లు కొడతారు. దాని మీద గుర్తు ఏదైనా ఉంటే, ఆ గుర్తు మళ్ళీ ఆయన కళ్ళెదుట వేసి చూపించాలి. పది సీట్లు దాటకుండానే ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. దేశంలో ఒక్కడూ తన కర్చీఫు మీద తాను కూర్చుని లేడు. అసలు మనవాళ్ళు కర్చీఫు వేసేదే ఇంకొకరి కోసం. తండ్రి కొడుక్కి వేస్తాడు, కూలివాడు బేరగాడికి వేస్తాడు, బావగారు మరదలికి వేస్తారు. వేసినవాడు ఎప్పుడూ బయటే ఉంటాడు. ఈ ముక్క బిల్లు రాసినవాళ్ళకి గానీ, చప్పట్లు కొట్టినవాళ్ళకి గానీ తట్టలేదంటే ఏం చెప్పమంటారు?

కానీ చట్టం చట్టమే. దాన్ని వెనక్కి తీసుకుంటే దేశం బలహీనమైపోదూ? అందుకని ప్రతివాళ్ళూ తమ తిప్పలు తాము పడ్డారు. సోంబాబు కింద ఉన్నది ఎవరి పెళ్ళిలోనో పంచిపెట్టిన రుమాలు. దాని మీద 'చి.ల.సౌ. లలితాంబ' అని అచ్చయి ఉంది. అతను ఆ ఉదయమే తన పేరు లలితాంబగా మార్చుకున్నట్టు పత్రం చూపించాడు. గుర్తు మళ్ళీ వేసి చూపించమంటే నుదుట కల్యాణతిలకం దిద్దుకుని సిగ్గుపడ్డాడు. వామనరావు గారు చిల్లు కొట్టి, శీఘ్రమేవ సుపుత్రప్రాప్తిరస్తు అన్నారు. ఎవరూ నవ్వలేదు.

నూకరాజు వంతు వచ్చింది.

"ఈ చిలక నువ్వే కుట్టావా?"

"ఆయ్" అన్నాడు నూకరాజు.

"పక్కన ఇంకోటి కుట్టు చూద్దాం."

సూదీ దారం చేతికిచ్చారు. అతనికి సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాదు. మూడుసార్లు వేలు గుచ్చుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. ఒక్క మాట చెబితే చాలు. ఇది మా అక్కదండి, ఆవిడ ఈ కిటికీ అవతలే ఉందండి అంటే చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే కూర్చుంది, బయటికి రానంది.

అప్పుడు కిటికీలోంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి లోపలికొచ్చింది. తమ్ముడి వేళ్ళ మధ్య నుంచి సూది తీసుకుంది. నీళ్ళలో నానినాని ఆ వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. అయినా దారం ఒక్కసారికే ఎక్కింది. చకచకా తోక కుట్టింది, రెక్క కుట్టింది, ముక్కు దగ్గర దారం ముడేసింది. ఆవిడ తల కిటికీ కిందే ఉండిపోయింది, పైకి ఎత్తలేదు. చూడకుండానే కుట్టింది.

వామనరావు గారు అంతా చూశారు. ఆయన చూపు తప్పించుకునేది ఏదీ లేదు.

"ఆ చెయ్యి ఎవరిది?"

"శనక్కాయలమ్మేవాళ్ళదండి" అన్నాడు నూకరాజు.

"మోచెయ్యి?"

"దాటలేదండి."

వామనరావు గారు ఆలోచించారు. చెయ్యి మోచేతి దాకా దేశంలోనే ఉంది కాబట్టి కుట్టుపని దేశంలోనే జరిగినట్టు. మోచేతికి అవతల ఉన్న మనిషి దేశంలో లేదు కాబట్టి ఆ కుట్టుపని ఆవిడ చేసినట్టు కాదు. జరిగిన పని ఎవరో ఒకరు చేసి ఉండాలి, ఆ సీట్లో ఉన్నది నూకరాజు ఒక్కడే. ఆయన తృప్తిగా తలూపి చిల్లు కొట్టారు. ఇద్దరి మధ్యా ఉన్న ఆ గుడ్డ ఆ చప్పుడుతో పూర్తిగా నూకరాజుదైపోయింది. ఆకుపచ్చ గాజుల చెయ్యి సూదిని సీటు అంచున గుచ్చి జాగ్రత్తగా వెనక్కి వెళ్ళింది.

నూకరాజు హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ హమ్మయ్య పోలేదు, ఒంట్లో ఎక్కడో వెచ్చగా ఉండిపోయింది.

మూడో రోజుకి నీళ్ళు బస్సు మెట్లెక్కి లోపలికొచ్చాయి. సీట్ల కింద చెప్పులు తేలాయి. జనం కంగారు పడకుండా వామనరావు గారు ప్రకటన చేశారు. ఈ నీళ్ళు రుమాలు వేయకుండా ప్రవేశించాయి కనుక వీటిని ప్రభుత్వం గుర్తించడం లేదని, గుర్తించని నీళ్ళలో తడిసినట్టు ఎవరూ ఫిర్యాదు చేయరాదని, పౌరులు కాళ్ళు పైకి పెట్టుకుని సహకరించాలని చెప్పారు. అందరూ కాళ్ళు పైకి పెట్టుకున్నారు. కనకవల్లి గారు తన వంతుగా అందరికీ గొడుగులు పంచారు, బయటికి పంపాల్సిన గొడుగులు లోపలే మిగిలిపోయాయి మరి.

తనికీ అయింది కాబట్టి పాత అర్జీలన్నీ తేల్చేయమని శాఖకు ఉత్తర్వు వచ్చింది. లోపల తమ రుమాలు లేనివాళ్ళ అర్జీలు తిరస్కరించి, ఆ సంగతి కిటికీ దగ్గర చదివి వినిపించాలి. నూకరాజు కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని పొద్దుట్నించీ చదువుతూనే ఉన్నాడు. చిట్టబ్బాయిది చదివాడు. చిట్టబ్బాయి తడి తాళాన్ని చొక్కాకి తుడుచుకుని, "మరేనండి, మరి మీ రూలు మీది" అని వెళ్ళిపోయాడు. అన్నీ అయ్యాక ఒక్క అర్జీ మిగిలింది. ఈసారి దాన్ని పక్కన పెట్టడానికి పక్కన చోటు లేదు.

తలుపులమ్మ గడ్డం దాకా నీళ్ళలో ఉంది. బుట్ట ఇంకా నెత్తి మీదే ఉంది. కాలు ఆనడం లేదు కాబోలు, కిటికీ అంచు మీదుగా చెయ్యి లోపలికి వేసి పట్టుకుని ఉంది. నూకరాజు గొంతు సవరించుకుని చదివాడు. అర్జీదారుకు దేశంలో తనదైన రుమాలు ఏదీ లేనట్టు తనికీలో తేలినందున, అని మొదలుపెట్టి ఆఖరిదాకా చదివాడు. మధ్యలో ఒకచోట వరస తప్పితే మళ్ళీ ఆ వాక్యం మొదట్నించీ చదివాడు.

"అంతేనా?" అంది ఆవిడ.

"అంతే అక్కా."

"నీకేం ఇబ్బంది లేదుగా?"

"లేదక్కా. చిల్లు కొట్టేశారు."

"హమ్మయ్య" అంది తలుపులమ్మ. ఆవిడ నిజంగానే అన్నది.

వెనక సీట్లోంచి లలితాంబ గారు దగ్గారు. "ఆఫీసరు గారూ, చూసుకోండి, మోచెయ్యి దాటింది" అన్నారు. నూకరాజు చూశాడు. నిజమే, దాటింది. నీళ్ళు పెరిగినకొద్దీ మనిషి పైకి తేలింది, మనిషితో పాటు మోచెయ్యీ కిటికీ అంచు మీదినించి ఇవతలికి వాలింది. ఆ మోచేతి మీద చిన్నప్పుడు అతను ఊయల తోసినప్పుడు తగిలిన దెబ్బ మచ్చ ఇంకా ఉంది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. చుట్టూ అందరూ అతన్ని చూస్తున్నారు.

"అక్కా, మోచెయ్యి" అన్నాడు మెల్లిగా. "కాస్త వెనక్కి తీసుకో."

"అయ్యో, చూసుకోలేదురా" అని ఆవిడ నొచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అతనికి ఏదో ఒకటి అనాలనిపించింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ రోజుకి వందసార్లు అన్న మాటే నోటికొచ్చింది. "వెనక బండి ఖాళీగా వస్తోందక్కా" అన్నాడు. అంటుంటే అది నిజమే అయి ఉండొచ్చు కదా అని కూడా అనిపించింది.

"ఆయ్. కనపడితే కేకెయ్యి. ఈ ఎత్తునుంచి నాకు కనపడట్లేదు" అంది తలుపులమ్మ.

సరేనన్నాడు. చలిగాలి కొడుతోందని పక్కవాళ్ళు గొణుగుతుంటే కిటికీ అద్దం దించాడు.

మర్నాడు పొద్దున్నే అద్దం మీద ఎవరో తట్టారు. అతను పైకెత్తగానే శనక్కాయల పొట్లం పట్టుకుని ఒక చెయ్యి లోపలికొచ్చింది. చేతికి గాజులు లేవు, చర్మం ఇంకా ముడతలు పడలేదు. నూకరాజు ముందుగా మోచెయ్యి చూశాడు. దాటలేదు. పొట్లం తీసుకుని విప్పి, ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు తగ్గింది" అన్నాడు.

"రేపట్నించి సరిచేస్తానండి" అంది కిటికీ అవతలి గొంతు.

నూకరాజు సరేనని తలూపి, కింద చిలకలు తడవకుండా కాళ్ళు ఇంకాస్త పైకి ముడుచుకుని కూర్చున్నాడు.